పని పెరిగిందా, మాట పెరిగిందా? పల్లె పరిశుభ్రతలో ఆడవాళ్ల వాటా

కొన్నేళ్ల కిందట చిత్తూరు జిల్లాలోని 14 పల్లెల్లో ఒక పరిశోధన జరిగింది. దొడ్డికి వెళ్లొచ్చాక, పసిపిల్లలకు కడిగాక, వంట మొదలుపెట్టే ముందు, అన్నం తినే ముందు జనం సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారా లేదా అన్నది చూడటమే ఆ పరిశోధన. "మీరు సబ్బుతో కడుక్కుంటారా?" అని అడిగితే ఎవరైనా కడుక్కుంటామనే చెబుతారు. అందుకని అడిగి ఊరుకోలేదు. ఇళ్ల దగ్గర కూర్చుని, కళ్లతో చూసి లెక్క రాసుకున్నారు. అలా తేలింది ఏమిటంటే, వంద సందర్భాల్లో సబ్బు ముట్టుకున్నది ఒకటో రెండో సార్లు.

సబ్బు లేక అలా జరగలేదు. ఒంటికి ఒక సబ్బు, బట్టలకు ఒక సబ్బు లేని ఇల్లు ఇప్పుడు పల్లెల్లో దాదాపు కనబడదు. తెలియక కూడా కాదు. చేతులు కడుక్కోవాలని బడిలో పంతులు చెబుతాడు, అంగన్‌వాడీ టీచర్ చెబుతుంది, ఆశా కార్యకర్త చెబుతుంది, టీవీలో ప్రకటన చెబుతుంది. అన్నీ విన్నాక కూడా చెయ్యి సబ్బు దాకా పోదు. క్రిమి కంటికి కనబడదు. నీళ్లతో కడిగితే చెయ్యి శుభ్రంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. సబ్బేమో స్నానం చేసే చోట, గూట్లో ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, పిల్లవాడు ఏడుస్తుంటే, అక్కడిదాకా వెళ్లి సబ్బు తెచ్చుకునే తీరిక ఎవరికుంటుంది?

పరిశోధకులు అందుకే రోగాల మాటే ఎత్తకుండా ఒక ప్రచారం తయారుచేశారు. దాని పేరు 'సూపర్ అమ్మ'. అందులో ఒక తల్లి ఉంటుంది. పల్లెటూరి మనిషే, కానీ పిల్లవాడిని ఉన్నతంగా పెంచాలని ముందుచూపుతో నడుచుకునే మనిషి. చేతులు కడుక్కోవడం కూడా ఆమె పిల్లవాడికి నేర్పే మంచి నడవడికలో ఒక భాగం. ఇంకోవైపు లడ్డూ లింగం అనే పాత్ర. అతను చేతులు కడుక్కోకుండానే లడ్డూలు చుడతాడు, చూసేవాళ్లకు కడుపులో తిప్పుతుంది. ఒకవైపు బిడ్డ మీద ప్రేమ, ఇంకోవైపు అసహ్యం, ఈ రెండే ప్రచారానికి ఆధారం. దానికితోడు ఊళ్లో నలుగురి ముందు, మేం సబ్బుతో కడుక్కుంటామని తల్లులు మాట ఇచ్చే సభలు పెట్టారు.

ఆరు వారాలకు ఆ ఊళ్లలో వంద సందర్భాల్లో 19 సార్లు సబ్బు వాడటం కనిపించింది. ఆరు నెలలకు 37. ప్రచారం జరగని ఊళ్లలో అప్పటికి 6 మాత్రమే. ఆ తర్వాత ఆ ఊళ్లలోనూ ఇదే ప్రచారాన్ని కుదించి నడిపారు. ఏడాది తిరిగేసరికి రెండు రకాల ఊళ్లలోనూ లెక్క 29 దగ్గర నిలిచింది. 2014లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అలవాటు మార్పించడం ఎంత కష్టమో తెలిసిన వాళ్లకు ఒకటి నుంచి 29కి రావడం చిన్న విషయంగా కనబడదు. రోగాల గురించి భయపెట్టకుండా, "నువ్వు ఇలాంటి మనిషివి" అని గౌరవంగా చెప్పినా పని జరుగుతుందన్న మాట.

ఈ ఫలితం చూసి సంతోషించాల్సిందే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఈ కథలో కడుక్కోవాల్సింది అమ్మ, కడిగించాల్సింది అమ్మ, నేర్పాల్సింది అమ్మ. ఒంటి చేత్తో ఇంటి శుభ్రతంతా మోసే అమ్మనే గొప్ప అమ్మ అంటున్నాం. మరి నాన్న ఎక్కడ? సబ్బు ఉండే గూడు పొయ్యి దగ్గరికి మార్చాలంటే, పెరట్లో కుళాయి వేయించాలంటే, డబ్బు తీసేది ఎవరు? గ్రామీణ పరిశుభ్రత కార్యక్రమాలన్నీ ఆడవాళ్ల చుట్టూనే తిరుగుతాయి, పోస్టర్ మీద ఉండేది వాళ్ల బొమ్మే. దీన్నే మహిళా సాధికారత అని రాసుకుంటారు. ఈ పేరు నిజమో కాదో తేల్చడానికి సులువైన కొలత ఒకటుంది. ఆ కార్యక్రమం వచ్చాక ఆ ఊళ్లో ఆడవాళ్లకు పని పెరిగిందా, మాట పెరిగిందా?

బిందెల లెక్క

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అదీ ఇంటిపని ముట్టుకునే మగవాళ్ల లెక్క మాత్రమే. అసలు ముట్టుకునేవాళ్లే మగవాళ్లలో నూటికి 26 మంది, ఆడవాళ్లలో 81 మంది. పరిశుభ్రత పేరుతో ఇంట్లోకి ఏ కొత్త పని వచ్చినా ఈ 299 నిమిషాల మీదే పడుతుంది.

మరుగుదొడ్డినే తీసుకోండి. పల్లెల కోసం తయారుచేసిన పాన్‌కి వాలు ఎక్కువ. ఒకటిన్నర, రెండు లీటర్లు పోస్తే చాలని ఇంజనీర్లు అంటారు. కడుక్కోవడానికి, దొడ్డి శుభ్రం చేయడానికి కూడా కలుపుకుంటే ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు మూడు బిందెలు అదనంగా కావాలి. కుళాయి ఇంట్లో లేకపోతే ఆ బిందెలు మోసేది ఎవరో చెప్పక్కర్లేదు. ఆరుబయటికి వెళ్లినప్పుడు మనిషికి ఒక చెంబు నీళ్లు సరిపోయేవి, అదీ ఎవరి చెంబు వాళ్లే పట్టుకెళ్లేవాళ్లు. మరుగుదొడ్డి వచ్చాక ఇంటిల్లిపాదికీ సరిపడా నీళ్లు తొట్టిలో నింపి ఉంచడం, వారానికోసారి తోమి కడగడం ఇంటావిడ పనిగా మారింది.

ఇంత చెప్పినా, మరుగుదొడ్డి వద్దనే ఆడమనిషి అరుదు. తెల్లారకముందే లేచి చీకట్లో వెళ్లాల్సిన పని తప్పుతుంది. పాము భయం, మగవాళ్ల భయం తప్పుతాయి. పగలంతా ఆపుకుని కూర్చోవడం, దొడ్డికి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగకుండా ఉండటం తప్పుతుంది. నీళ్లు తాగకపోవడం వల్ల మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు వచ్చి ఏళ్ల తరబడి బాధపడ్డ ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మరుగుదొడ్డి వాళ్లకు అవసరమే, మొదటినుంచీ అడుగుతున్నదే. అది ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి అన్నప్పుడు మాత్రం వాళ్లను అడగలేదు. చిక్కు వచ్చిందక్కడే.

2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. పల్లెల్లో ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం. సరిగ్గా ఐదేళ్లకు, 2019 అక్టోబర్ 2న, గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన రహితమైందని ప్రకటించారు. ఆ ప్రకటన వచ్చిన కాలంలోనే, 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంకా 19 శాతం ఇళ్లవాళ్లు ఆరుబయటికే వెళ్తున్నట్టు తేలింది. పల్లెల్లో అయితే నాలుగో వంతు ఇళ్లు. నాలుగేళ్ల ముందటి సర్వేలో దేశం మొత్తం అంకె 39 శాతం. అంత తక్కువ కాలంలో సగానికి తగ్గడం చాలా పెద్ద మార్పు. దాన్ని తక్కువ చేయకూడదు. అలాగే సున్నా అని రాసుకోవడం వల్ల మిగిలిపోయిన ఇళ్ల గురించి అడిగేవాళ్లు లేకుండా పోయారన్నదీ నిజమే.

కట్టిన దొడ్లలోనూ కొన్ని కట్టెలు, పిడకలు, పాత సామాన్లు పెట్టుకునే గదులయ్యాయి. దీనికి జనానికి అవగాహన లేదని అధికారులు విసుక్కుంటారు. ఆ గది ముందు నిలబడి చూస్తే వేరే కారణాలు కనబడతాయి. తలుపుకి గడియ సరిగ్గా పడదు. లోపల లైటు లేదు. నీటి తొట్టి లేదు. స్నానానికి చోటు లేదు. ఇది చాలా పెద్ద లోటు. చాటు లేక చీర కట్టుకునే నీళ్లు పోసుకునే ఆడవాళ్లకు మరుగుదొడ్డితో పాటు స్నానాల గది కూడా అంతే అవసరం. నాలుగడుగుల గదిని ఇంకో మూడడుగులు పెంచి ఉంటే ఆ గది వాడకంలో ఉండేది. గది గీసినప్పుడు ఇంటావిడను ఒక్క మాట అడిగితే చెప్పేది.

ఇంకో కారణం గుంత. గుంత నిండితే ఎవరు తీస్తారన్న భయంతో మగవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లు, దొడ్డి వాడకుండా పొలానికే పోతారు. "ఆడవాళ్లకు కట్టించాం కదా, మాకెందుకు" అనే మాట చాలా ఇళ్లలో వినబడుతుంది. నిజానికి రెండు గుంతల పద్ధతిలో ఈ భయం అక్కర్లేదు. ఒక గుంత నిండాక దాన్ని మూసి రెండోది వాడతారు. మూసిన గుంతలోని మలం ఏడాదికి పైగా అలా వదిలేస్తే మట్టిలాంటి ఎరువవుతుంది, వాసన ఉండదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర పారిశుద్ధ్య కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువు తోడి చూపించారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. మలం ముట్టుకునే పని ఫలానా కులానిదే అన్న నమ్మకం ఎంత లోతుగా పాతుకుపోయిందో, అంత పెద్ద అధికారి గుంతలోకి దిగి చూపించాల్సి రావడమే చెబుతుంది. పరిశుభ్రత ప్రచారం ఆడవాళ్లను ఉద్దేశించి మాత్రమే నడిచినప్పుడు, గుంత గురించి భయపడే మగవాళ్లతో మాట్లాడేవాళ్లే ఉండరు.

ఆరుబయటికి వెళ్లేవాళ్లను ఈలలు ఊది, టార్చి వేసి, ఫొటోలు తీసి సిగ్గుపరిచిన పద్ధతి గురించి కూడా ఇక్కడ చెప్పాలి. బంగ్లాదేశ్‌లోని రాజ్‌షాహీ జిల్లా మొస్మోయిల్ అనే ఊళ్లో 2000 ప్రాంతంలో పారిశుద్ధ్య నిపుణుడు కమల్ కర్ మొదలుపెట్టిన సామూహిక పారిశుద్ధ్య పద్ధతిలో, ఊరివాళ్లే తమ ఊళ్లో మలం ఎక్కడెక్కడ పడుతుందో నేల మీద గీసుకుని, అది తమ నోటిదాకా ఎలా వస్తుందో తామే తెలుసుకుని సిగ్గుపడటం ఉంది. అది ఊరంతా కలిసి పడ్డ సిగ్గు. మన దగ్గరికి వచ్చేసరికి అది, ఏమీ లేని పేదల మీద ఉన్నవాళ్లు రుద్దే సిగ్గుగా మారింది. స్థలం లేని, ఇల్లే లేని, అద్దె గుడిసెలో ఉండే ఆడమనిషి ముఖాన టార్చి వేయడం ఏ రకంగానూ సాధికారత అనిపించుకోదు.

సారా దుకాణం నుంచి సంఘం దాకా

ఆడవాళ్ల మాట పెరిగితే ఏం జరుగుతుందో తెలుగువాళ్లు దూరం వెళ్లి నేర్చుకోనక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' పేరుతో రాత్రి బడులు నడిచాయి. పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలోని పాఠాల్లో వాళ్ల బతుకే ఉంది. మొగుడు కూలి డబ్బులు తాగేయడం, ఇంట్లో గింజ లేకపోవడం, దెబ్బలు. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు చదువుకుని ఊరుకోలేదు. రోశమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకి, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ వేడిలోనే నెల్లూరులో రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' సంఘాలు పుట్టాయి. అప్పటికే ఉన్న డ్వాక్రా పథకంతో కలిసి ఆ పొదుపు రాష్ట్రమంతా విస్తరించింది. 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం అనే ప్రభుత్వ పథకాల మీదుగా సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే మెట్లన్నీ ఏర్పడ్డాయి.

అక్షరాస్యత కార్యక్రమం సారా మీద పోరాడమని ఆడవాళ్లకు టార్గెట్ ఇవ్వలేదు. నలుగురు కలిసి కూర్చునే చోటు, మాట్లాడుకునే సమయం ఇచ్చింది. ఏది తమ బతుకును తినేస్తోందో వాళ్లే తేల్చుకున్నారు. ఇప్పటి పరిశుభ్రత కార్యక్రమాల్లో ఇది తిరగబడింది. సమస్య ఏమిటో పైన తేలిపోతుంది, పరిష్కారం కూడా పైనే తేలిపోతుంది. సంఘం చేతికి వచ్చేది ర్యాలీ, ప్రతిజ్ఞ, బ్యానర్, గ్రూపులో పెట్టాల్సిన ఫొటో. లీడర్‌కి టెన్షన్, సభ్యులకు ఒక పూట కూలి నష్టం.

సంఘాలకు పంచసూత్రాలుండేవి. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక వీటికి ఇంకో ఐదు చేర్చి దశసూత్రాలన్నారు. అందులో ఆరోగ్యం, పోషణ, పారిశుద్ధ్యం ఒకటి. కాగితం మీద ఇది మంచి ఆలోచన. సమావేశంలో ఏం జరుగుతుందంటే, కిస్తీల లెక్క, బ్యాంకు లింకేజీ, ఎవరు కట్టలేదు అన్న గొడవతోనే గంట అయిపోతుంది. పారిశుద్ధ్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు బడి నుంచి వచ్చే వేళవుతుంది.

అయినా సంఘం గట్టిగా నిలబడిన చోట అది చేసే మేలు ఏ ప్రచారమూ చేయలేదు. స్వచ్ఛ భారత్ కింద ముందు కట్టుకోవాలి, బిల్లు తర్వాత వస్తుంది. చేతిలో రూపాయి లేని ఇంటికి ఆ ముందటి పెట్టుబడి ఎక్కడిది? వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా చాలామంది సంఘం నుంచే అప్పు తెచ్చుకున్నారు. ఆ అప్పు ఇంటావిడ పేరు మీద ఉంటుంది కాబట్టి తాపీ మేస్త్రీతో బేరమాడటంలో, తలుపు ఎటు ఉండాలో చెప్పడంలో ఆమె మాటకు విలువ వచ్చింది. అప్పు తీర్చేదీ ఆమే కాబట్టి భారం కూడా ఆమెదే. కానీ ఇక్కడ పనితో పాటు మాట కూడా పెరిగింది, ఇది గమనించాలి.

నీళ్ల విషయంలో ఆడవాళ్ల చేతికి నిర్ణయం వస్తే ఏం మారుతుందో లెక్కలతో సహా చూపించిన పరిశోధన ఒకటుంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల్లో పంచాయతీ అధ్యక్ష పదవి ఆడవాళ్లకు రిజర్వైన ఊళ్లనూ, కాని ఊళ్లనూ ఆర్థికవేత్తలు రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో పోల్చి చూశారు. 2004లో అచ్చైన ఆ అధ్యయనం ప్రకారం రెండు చోట్లా మహిళలు నడిపిన పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టాయి. రిజర్వేషన్ ఎవరూ ఎంచుకోకుండా జాబితా వరసలో వచ్చేది కాబట్టి, మంచి ఊళ్లే ఆడవాళ్లను ఎన్నుకున్నాయి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. బిందె మోసేవాళ్ల చేతికి పెన్ను వస్తే డబ్బు బోరు వైపు, పైపు వైపు కదిలింది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. పెన్ను చేతికి వచ్చినట్టే. సంతకం పెట్టేది ఆమె, పెట్టమని చెప్పేది భర్త అయిన ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి. 'సర్పంచ్ గారు' అంటే ఊరు ఆమె భర్త వైపు చూసే పరిస్థితి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల జీవన్ మిషన్ నిబంధనల్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలి. ఆ ఐదుగురికి శిక్షణ ఇచ్చిన చోట ఒక కొత్త శక్తి కనబడుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే, క్లోరిన్ తక్కువైతే రంగు చూసి చెప్పగలిగే మనిషి ఊళ్లోనే, తమ వీధిలోనే ఉంటుంది. అయితే ఆమె చెప్పిన మాట విని నీళ్ల ట్యాంకు కడిగించే బాధ్యత ఎవరిది? ఆమె రిజిస్టర్‌లో రాసింది పంచాయతీ సమావేశంలో చదివారా? ఇవి లేకపోతే కిట్ కూడా ఇంకో అదనపు పనే.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఏటా 10,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆశా కార్యకర్తే దానికి కార్యదర్శి. చిన్న మొత్తమే. కానీ బోరింగ్ చుట్టూ గచ్చు వేయించడానికి, రెండు ఇంకుడు గుంతలు తవ్వించడానికి, ఒక పేద ఇంటి మనిషిని ఆసుపత్రికి పంపడానికి సరిపోతుంది. ఈ డబ్బు గురించి ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లకు తెలుసో అడిగి చూస్తే చాలా విషయాలు బయటపడతాయి. మురుగు నీళ్లు రోడ్డు మీద పారి దోమలు పెరుగుతున్న ఊళ్లో, ఇంకుడు గుంత ఎక్కడ తవ్వాలో రోజూ గిన్నెలు తోమేవాళ్లకు తెలిసినంత ఇంజనీరుకు తెలియదు. వాడిన నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయో, ఎంత వస్తున్నాయో వాళ్లకు తెలుసు.

నెలసరి, ఆ తర్వాత చెత్త

పరిశుభ్రత మాటల్లో చాలాకాలం నోరు విప్పనిది నెలసరి గురించి. ఈ పదిహేనేళ్లలో ఇక్కడ గట్టి మార్పే వచ్చింది. 2011లో కేంద్రం ఆశా కార్యకర్తల ద్వారా ఆరు ప్యాడ్‌ల ప్యాకెట్ ఆరు రూపాయలకు అమ్మించడం మొదలుపెట్టింది. 2018 జూలైలో ప్యాడ్‌ల మీద జీఎస్టీ తీసేశారు. జన ఔషధి దుకాణాల్లో ఒక్క రూపాయికి ప్యాడ్ దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12వ తరగతి ఆడపిల్లలకు నెలకు పది చొప్పున ఉచితంగా ఇవ్వడం మొదలైంది. 15 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నెలసరికి శుభ్రమైన పద్ధతులు వాడేవాళ్లు 2015-16 సర్వేలో దాదాపు 58 శాతం ఉంటే, 2019-21 నాటికి దాదాపు 77 శాతం అయ్యారు.

ప్యాడ్ చేతికి వస్తే పని అయిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. బట్ట వాడటం వల్లనే జబ్బులొస్తాయని చాలా ప్రచారాలు చెబుతాయి. అది పూర్తి నిజం కాదు. మెత్తటి నూలు బట్టను సబ్బుతో బాగా ఉతికి, ఎండలో ఆరబెట్టి, పొడిగా దాచుకుంటే దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా ఎండలో ఆరేయలేకపోవడంలో ఉంది. మగవాళ్ల కంట పడకూడదని గోడ పక్కన, మంచం కింద, వేరే బట్టల అడుగున తడిగానే దాచడం వల్ల ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆ బట్ట దండెం మీదికి రాకుండా ఆపుతున్నది సిగ్గు. ప్యాడ్ ఇస్తే ఆ సిగ్గును ఇంకొంచెం బాగా దాచిపెట్టినట్టవుతుంది, అంతే. ఆ మూడు రోజులు దూరంగా కూర్చోబెట్టడం, వేరే పళ్లెం, వేరే చాప, కొన్ని చోట్ల ఊరి బయట గుడిసె, ఇవన్నీ ప్యాడ్ వచ్చినా మారలేదు. అనంతపురం ప్రాంతంలో కొన్ని సమూహాల్లో బాలింతలను కూడా అలా బయట ఉంచే ఆచారం ఇంకా పూర్తిగా పోలేదు. పచ్చి బాలింత, పసిగుడ్డు చలిలో, వానలో గుడిసెలో ఉండటం శుభ్రత పేరుతోనే జరుగుతోంది. మైల, శుభ్రత అనే రెండు మాటలు మన భాషలో ఒకదానికొకటి ఎదురుగా కూర్చున్నాయి. కాబట్టి శుభ్రత గురించి మాట్లాడేవాళ్లు మైల గురించి కూడా గట్టిగా మాట్లాడాలి. లేకపోతే ఊరు తనకు అలవాటైన అర్థమే తీసుకుంటుంది.

వాడిన ప్యాడ్ ఎక్కడికి పోతుంది? పల్లెలో దీనికి సరైన జవాబు లేదు. కాలువలో, చెరువు గట్టున, పాడుబడ్డ బావిలో, పెంటకుప్పలో. లేదంటే పంచాయతీ ట్రాక్టర్‌లో. తెలంగాణలో 2019 సెప్టెంబర్‌లో మొదలైన పల్లె ప్రగతి కింద ఊరూరికీ ట్రాక్టర్, డంపింగ్ యార్డ్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. ఇంటింటికీ తడి చెత్త, పొడి చెత్త బుట్టలు ఇచ్చారు. చాలా ఇళ్లలో రెండూ ఒకే బుట్టలో పడతాయి. కాగితంలో చుట్టిన ప్యాడ్, పసిపిల్లల డైపర్, మిగిలిన అన్నం, పగిలిన గాజు, అన్నీ కలిసి యార్డుకు చేరతాయి. అక్కడ వాటిని చేత్తో వేరుచేసే మనిషి ఒకామె ఉంటుంది.

ఆమె గురించి ఈ మొత్తం చర్చలో దాదాపు ఎవరూ మాట్లాడరు. పారిశుద్ధ్య కార్మికులు చాలా ఊళ్లలో దళిత కుటుంబాలవాళ్లే, వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. తెల్లవారుజామున ఊరు ఊడుస్తారు. మురుగు కాలువ తీస్తారు. చెత్త ఏరతారు. తెలంగాణలో పంచాయతీ కార్మికులకు చాలాకాలం నెలకు 8,500 రూపాయలు ఇచ్చారు, అదీ నెలల తరబడి ఆగిన సందర్భాలెన్నో. జీతం ఆగినప్పుడు సమ్మె చేస్తే, ఊరు కంపు కొడుతోందని వాళ్లనే తిడతారు. చేతి తొడుగులు ఒకసారి ఇస్తారు, చిరిగాక మళ్లీ రావు. ఊరి సమాఖ్య సమావేశంలో పరిశుభ్రత మీద పాఠం జరుగుతున్నప్పుడు ఆమె యార్డులో ఉంటుంది. స్వచ్ఛ గ్రామం అవార్డు తీసుకునేటప్పుడు వేదిక మీద ఉండదు. మహిళా సాధికారత అనే మాటలో ఆమెకు చోటు లేకపోతే, ఆ మాట ఎవరి గురించి అన్నట్టు?

ఆమె విషయంలో చేయాల్సింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. నెల జీతం నెలకు రావాలి. తొడుగులు, బూట్లు అడగకుండానే మూడు నెలలకోసారి మారాలి. ప్యాడ్‌లు, డైపర్లు విడిగా, ఎర్ర గుర్తు వేసిన కాగితంలో చుట్టి ఇవ్వాలన్న నియమం సంఘాలే తమ వీధుల్లో పెట్టుకోవచ్చు. సంఘం సభ్యులు తమ ఇంట్లో ఆచరిస్తే ఆ వీధి మొత్తం నెలలో మారుతుంది, ఎందుకంటే సంఘం అంటేనే ఒకరినొకరు చూసుకునేవాళ్లు. చిత్తూరు పల్లెల్లో చేతులు కడుక్కోవడాన్ని పెంచిన ప్రచారంలో నలుగురి ముందు ఇచ్చిన మాట కూడా ఉంది. గ్రామ సభ పొద్దున పదకొండుకు కాకుండా, ఆడవాళ్లు కూలి నుంచి వచ్చాక సాయంత్రం పెడితే ఆమె కూడా రాగలుగుతుంది. ఎజెండాలో యార్డు గురించి ఒక అంశం ఉంటే, దాని మీద మొదట మాట్లాడాల్సింది ఆమె.

ఇప్పటికి మాత్రం చాలా ఊళ్లలో ఆ యార్డు ఊరికి కిలోమీటరు దూరంలో, చెట్టు నీడ కూడా లేని చోట ఉంటుంది. షెడ్డు ఉంటుంది, దాని మీద రంగుల బొమ్మలుంటాయి, చేతులు కడుక్కునే పద్ధతి ఆరు మెట్లలో వేసి ఉంటుంది. కుళాయి ఉండదు. పొద్దున ఐదింటికి వెళ్లిన ఆమె పదకొండింటికి ఇంటికి వచ్చి, పెరట్లో బిందె వంచుకుని, అప్పుడు చేతులు కడుక్కుంటుంది.